రాత్రి ఆగిన రీడింగుల లెక్క

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. మా మేనమామ ఆరు గుంటల్లో, అంటే చెరువుల్లో, వెనామీ రకం రొయ్యలు సాగు చేస్తున్నారు. నీటిలో ఆక్సిజన్ చూసే సెన్సర్లు పెట్టించాం. షెడ్డులోని ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ మీద నేను రాసిన పైథాన్ ప్రోగ్రామ్ ఐదు నిమిషాలకు ఒకసారి రీడింగు తీసి ఫైలులో రాస్తుంది. కొన్ని రోజులు తెల్లవారి చూస్తే రాత్రి రెండు మూడు గంటల రీడింగులు ఉండవు. కాపలా మనిషి ఫోన్ చేసి చెబితే నేను మళ్లీ మొదలుపెడతాను. ప్రోగ్రామ్ బాగా లేదని మామయ్య అంటారు. కరెంటు పోయి ఉంటుందని నేనంటాను. సరఫరా ఆగలేదని లైన్‌మన్ అంటారు. షెడ్డులో ఇన్వర్టర్ ఉంది గానీ బ్యాటరీ పాతది. ప్రోగ్రామ్ ఎప్పుడు నడిచిందో, ఎప్పుడు ఎందుకు ఆగిందో దానంతట అదే రాసిపెట్టే చిన్న స్క్రిప్టు ఎలా రాసుకోవాలి? ఆగితే మళ్లీ దానంతట అదే మొదలయ్యేలా చేయవచ్చా? గడిచిన నెలల సంగతి ఇప్పుడు తెలుసుకునే దారి ఉందా?

— ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీరు, మామయ్య, లైన్‌మన్ ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. మీ ఉత్తరం చదివాక నాకు తోచిన వరుస ఇది. రాత్రి రెండున్నరకు కరెంటు రెప్పపాటు పోయి వస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారేలోపు రాస్ప్‌బెర్రీ పైకి అందే వోల్టేజీ పడిపోతుంది. అది ఆగి, అర నిమిషంలో మళ్లీ లేస్తుంది. యంత్రం లేచింది గానీ మీ ప్రోగ్రామ్‌ను కూడా లేపమని దానికి ఎవరూ చెప్పి పెట్టలేదు. కాపలా మనిషి ఫోన్ చేసేదాకా రీడింగులు ఉండవు. సరఫరా ఆగిందని చెప్పుకోదగినంత సేపు ఆగలేదు కాబట్టి లైన్‌మన్ మాట నిజం. మొదటి దెబ్బ కరెంటుదే కాబట్టి మీ మాట నిజం. ఒక నిమిషంతో పోయేది మూడు గంటలు కావడానికి ప్రోగ్రామ్ అమరికే కారణం కాబట్టి మామయ్య మాటా నిజమే.

ఇది ఊహ మాత్రమే. దీన్ని తేల్చగలిగిన చిట్టా కావాలంటే స్క్రిప్టు ‘ప్రోగ్రామ్ నడుస్తోందా’ అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలదు. కరెంటు ఉందా, యంత్రం నడుస్తోందా, ప్రోగ్రామ్ నడుస్తోందా, రీడింగు నిజంగా వస్తోందా అని నాలుగు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి. నాలుగింటినీ కలిపి ‘డౌన్’ అని ఒకే మాట రాసే చిట్టా మీ ఇంట్లో వాదన తీర్చలేదు, గుంటకూ ఉపయోగపడదు.

ముందు యంత్రం సంగతి. ఆగిపోయిన యంత్రం తాను ఆగానని రాసుకోలేదు. అందుకే రాత్రి గస్తీ కానిస్టేబుల్ బీట్ పుస్తకంలో సంతకం పెట్టినట్టు, స్క్రిప్టు ప్రతి నిమిషం ఒక చిన్న ఫైలులో అప్పటి సమయం రాసి పోవాలి. చెప్పిన సమయానికి పనులు మొదలుపెట్టే క్రాన్‌తో నిమిషానికి ఒకసారి నడిచేలా పెట్టండి. తర్వాతిసారి స్క్రిప్టు లేవగానే పాత సంతకం ఎప్పటిదో చూస్తుంది. నిమిషం కిందటిదైతే అంతా సవ్యం. మూడు నాలుగు నిమిషాలు దాటితే, ఆ మధ్యకాలమంతా యంత్రం లేనట్టే లెక్క. ఆ ఖాళీని స్క్రిప్టే చిట్టాలో ఒక వరుసగా రాస్తుంది.

అర నిమిషంలో ఆగి లేచిన సందర్భం ఈ లెక్కకు దొరకదు. దానికోసం సమయంతో పాటు బూట్ గుర్తును కూడా రాయించండి. రాస్ప్‌బెర్రీ పైని నడిపే లినక్స్ లేచిన ప్రతిసారీ దాని గుండెలాంటి కెర్నెల్ కొత్త గుర్తు ఒకటి తయారుచేసి ‘ప్రాక్’ ఫోల్డర్ కింద బూట్ ఐడీ పేరుతో ఉంచుతుంది. సంతకంలో ఉన్న గుర్తు, ఇప్పటి గుర్తు వేరైతే మధ్యలో యంత్రం ఆగి లేచినట్టే, ఎంత తక్కువసేపైనా సరే. నా ఊహ నిజమైతే మీ షెడ్డులో పట్టుబడేది ఇదే.

ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త పడాలి. మూడూ కరెంటు పోయిన రాత్రే బయటపడతాయి, పగలు పరీక్షించినప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది.

మొదటిది ఖాళీ ఫైలు. లినక్స్ రాసినదాన్ని వెంటనే మెమరీ కార్డు మీదికి పంపదు. కొన్ని సెకన్ల పాటు, ఒక్కోసారి అర నిమిషం దాకా, జ్ఞాపకంలోనే ఉంచుకుంటుంది. ఆ సమయంలో కరెంటు పోతే సంతకం ఫైలు సున్నా బైట్లతో మిగలవచ్చు. దాన్ని చదివిన స్క్రిప్టు సున్నా అనుకుంటే, లినక్స్ కాలగణన 1970 జనవరి 1 నుంచి మొదలవుతుంది కాబట్టి మీ చిట్టాలో అర్ధ శతాబ్దానికి పైగా యంత్రం ఆగినట్టు వరుస పడుతుంది. సంతకాన్ని ముందు వేరే పేరుతో రాసి, ‘సింక్’ చేసి (కార్డు మీదికి చేర్చి), ఆ తర్వాత అసలు పేరుకు మార్చండి. పేరు మార్చడం ఒక్క అడుగులో జరుగుతుంది కాబట్టి పాత సంతకమో కొత్త సంతకమో ఏదో ఒకటి పూర్తిగా మిగులుతుంది. అయినా ఫైలు ఖాళీగా కనిపిస్తే ‘మొదలు తెలియదు’ అని రాయించండి.

రెండోది గడియారం. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు వచ్చిన బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. 5లో ఉంది గానీ దానికి బ్యాటరీ విడిగా తగిలించాలి. కరెంటు వచ్చి బోర్డు లేచినప్పుడు, ఆగకముందు ఎప్పుడో దాచుకున్న సమయం నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఇంటర్నెట్ అందాక గానీ సరైన సమయం తెలియదు. కరెంటు పోయినప్పుడు ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ కూడా పోవడం మీకు అలవాటే. అప్పుడు మూడు గంటల అంతరాయం మూడు నిమిషాలుగానో, కొత్త సంతకం పాతదానికంటే వెనకటి సమయంతోనో నమోదవుతుంది. డీఎస్ 3231 అనే చిన్న గడియారం మాడ్యూల్, అందులో ఒక నాణెం బ్యాటరీ పెట్టిస్తే ఈ బాధ తీరుతుంది. ఖర్చు స్వల్పమే. ఇన్వర్టర్ బ్యాటరీ మార్చకముందే ఇది కొనండి. గడియారం నమ్మలేనిదైతే చిట్టాలో ఏ వరుసా నమ్మలేం.

మూడోది, స్క్రిప్టు రెండుసార్లు ఒకేసారి నడవడం. ముందు నిమిషపుది ఎక్కడో చిక్కుకుని ముగియకపోతే క్రాన్ రెండోదాన్ని మొదలుపెడుతుంది, రెండూ ఒకే ఫైలు మీద రాస్తాయి. ‘ఎఫ్‌లాక్’ అనే తాళాన్ని, ఎదురుచూడవద్దని చెప్పే ‘-n’తో వాడితే రెండోది తప్పుకుంటుంది.

ఇక ప్రోగ్రామ్ దగ్గరికి వద్దాం. చాలామంది నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే ‘పీఎస్’ జాబితాను, మాటలు వెతికిపెట్టే ‘గ్రెప్’తో వెతికి, ప్రోగ్రామ్ పేరు కనిపిస్తే నడుస్తోందని రాస్తారు. ఆ వెతుకులాటలో గ్రెప్ తన పేరునే తాను చూసి ‘ఉంది’ అంటుంది. ఆ రెండు పనులూ తానే చేసే ‘పీగ్రెప్’ తనను తాను వదిలేస్తుంది గానీ, కాపలా స్క్రిప్టు పేరులో ప్రోగ్రామ్ పేరు కలిసి ఉంటే ఆ స్క్రిప్టునే చూసి సరిపెట్టుకుంటుంది. మీరు అదే ఫైలును ఎడిటర్‌లో తెరిచి పెట్టినా సరిపెట్టుకుంటుంది. ప్రోగ్రామ్ చచ్చిపడి ఉన్నా చిట్టా మాత్రం నూటికి నూరు చూపిస్తుంది. ఈ వెతుకులాట మానేయండి. లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను లేపి కాపు కాసేది సిస్టమ్‌డీ. ప్రోగ్రామ్‌ను దాని కింద సర్వీసుగా పెట్టుకుని, సర్వీసు చురుగ్గా ఉందా లేదా అని సిస్టమ్‌డీనే అడగండి. నడుస్తున్న ప్రోగ్రామ్‌కు ఇచ్చిన ప్రాసెస్ సంఖ్య ఎంత, ఎంతసేపటి నుంచి నడుస్తోంది అన్నవి కూడా అదే చెబుతుంది. నిమిషం కిందటి సంఖ్య, ఇప్పటి సంఖ్య వేరైతే మధ్యలో అది ఒకసారి పడిపోయి లేచినట్టు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉంది. సర్వీసు ఫైలులో రీస్టార్ట్‌కు ‘ఆల్వేస్’ అని రాసి, సర్వీసును ‘ఎనేబుల్’ చేస్తే ప్రోగ్రామ్ పడిపోయినా, యంత్రం ఆగి లేచినా అదే మొదలవుతుంది. కానీ మళ్లీ మొదలుపెట్టే ముందు ఆగే సమయాన్ని కచ్చితంగా 30 సెకన్లకు పెంచండి. మామూలు అమరికలో సిస్టమ్‌డీ సెకనులో పదో వంతు మాత్రమే ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. పది సెకన్లలోపు ఐదుసార్లు విఫలమైతే ఇక ప్రయత్నం మానేస్తుంది. సెన్సర్ కేబుల్ తేమకు వదులై యూఎస్‌బీ పోర్టు కనిపించలేదనుకోండి, ఐదు ప్రయత్నాలూ రెప్పపాటులో అయిపోతాయి. తర్వాత కేబుల్ సరిపడినా ప్రోగ్రామ్ లేవదు.

దానంతట అదే లేవడం వల్ల ఇంకో చిక్కు ఉంది. రాత్రికి ఇరవైసార్లు పడిలేచే ప్రోగ్రామ్ కూడా తెల్లవారి చూస్తే బాగానే నడుస్తూ కనిపిస్తుంది. ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టిందో సిస్టమ్‌డీ లెక్క ఉంచుతుంది. ఆ లెక్క పెరిగిన ప్రతిసారీ చిట్టాలో ఒక వరుస పడాలి. లేపడం సిస్టమ్‌డీ చూసుకుంటుంది, మీ స్క్రిప్టు రాయడం మాత్రమే చేయాలి. రెండు పనులూ ఒకే స్క్రిప్టుకు అప్పగించవద్దని నా గట్టి సలహా. చెడినదాన్ని సరిచేసే హడావుడిలో ఎప్పుడు చెడిందో రాయడం తప్పిపోతుంది.

ప్రోగ్రామ్ నడుస్తూనే ఉండి రీడింగు రాకపోవడం వీటన్నిటికంటే ప్రమాదకరం. సెన్సర్ జవాబు కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ గంటల తరబడి నిలబడిపోవచ్చు. సిస్టమ్‌డీ దృష్టిలో అది చురుగ్గానే ఉంటుంది. కాబట్టి రీడింగుల ఫైలులో చివరి వరుస ఎప్పటిదో స్క్రిప్టు చూడాలి. మీది ఐదు నిమిషాల ప్రోగ్రామ్ కాబట్టి పదిహేను నిమిషాలు దాటితే ‘రీడింగు ఆగింది’ అని రాయవచ్చు. ఒక గుంట అంకె గంటసేపు దశాంశం కూడా కదలకుండా ఉంటే దాన్నీ అనుమానించండి. గుంట నీటిలో ఆక్సిజన్ ఎప్పుడూ నిలకడగా ఉండదు. పగలు నాచు వెలుతురులో ఆక్సిజన్ విడుదల చేస్తుంది. పొద్దు గుంకాక రొయ్యలు, నాచు, అడుగున కుళ్లే మేత అన్నీ దాన్ని వాడుకోవడమే గానీ ఇచ్చేది లేదు. అందుకే తెల్లవారుజామున అది అట్టడుగుకు చేరుతుంది. రాత్రంతా 5.6 చూపించిన సెన్సర్ నీటి సంగతి చెప్పడం లేదన్నమాట.

చిట్టాలో ప్రతి నిమిషం ‘బాగుంది’ అని రాయించవద్దు. స్థితి మారినప్పుడే ఒక వరుస రాయించండి. ఉదాహరణకు మీ చిట్టా ఇలా ఉండవచ్చు:

14-08, 02:31 నుంచి 02:33, 2 నిమిషాలు, యంత్రం, అనుకోనిది, బూట్ గుర్తు మారింది
14-08, 02:31 నుంచి 05:52, 201 నిమిషాలు, ప్రోగ్రామ్, అనుకోనిది, చేతితో మొదలుపెట్టాం
19-08, 23:10 నుంచి 01:40, 150 నిమిషాలు, రీడింగు, అనుకోనిది, 3వ గుంట అంకె కదలలేదు
22-08, 10:00 నుంచి 10:40, 40 నిమిషాలు, ప్రోగ్రామ్, అనుకున్నది, కేబుల్ మార్చాం

మొదటి రెండు వరుసలు పక్కపక్కన చూడండి. యంత్రం రెండు నిమిషాలు, ప్రోగ్రామ్ రెండు వందల ఒక్క నిమిషాలు. మీ ముగ్గురి వాదన అక్కడే తేలిపోతుంది. నిమిషానికోసారి చూసే స్క్రిప్టు కాబట్టి మొదలులోనూ ముగింపులోనూ ఒక్కో నిమిషం తేడా ఉండవచ్చని ఫైలు పైభాగంలో రాసి ఉంచండి.

‘అనుకున్నది’ అన్న వరుస కోసం పని మొదలుపెట్టే ముందు మీరే ఒక గుర్తు ఫైలు పెట్టాలి. ఆ ఫైలు ఉన్నంతసేపు స్క్రిప్టు అంతరాయాన్ని అనుకున్నదిగా రాస్తుంది. పని అయ్యాక ఫైలు తీసేయడం మర్చిపోతే ఆ వారమంతా జరిగిన నిజమైన అంతరాయాలు కూడా ఆ ఖాతాలోనే పడతాయి. రెండు గంటలు దాటిన గుర్తు చెల్లదని స్క్రిప్టులోనే రాయండి. లైను పని కోసం విద్యుత్ సిబ్బంది ముందుగా చెప్పి ఎల్‌సీ (లైను ఆపి పనిచేసే అనుమతి) తీసుకున్న రోజులకూ ఇదే పద్ధతి, కాకపోతే గడువును వాళ్లు చెప్పిన సమయానికి పెట్టాలి.

ఇక కరెంటు. రాస్ప్‌బెర్రీ పై ఇన్వర్టర్ మీద ఉన్నంతకాలం కరెంటు పోయిన సంగతి దానికి తెలియదు. పాత బ్యాటరీ గంటకు చేతులెత్తేస్తే, రెండింటికి పోయిన కరెంటు మీ చిట్టాలో మూడింటికి పోయినట్టు పడుతుంది. గుంట నీటిలో గాలి కలిపే ఏరియేటర్లేమో రెండింటికే ఆగి ఉంటాయి. ఇన్వర్టర్‌తో సంబంధం లేకుండా నేరుగా లైను మీద ఉండే చిన్న వైఫై ప్లగ్గు ఒకటి పెట్టి, రౌటర్‌ను ఇన్వర్టర్ మీద ఉంచి, ఆ ప్లగ్గు జవాబిస్తోందా అని స్క్రిప్టుతో పింగ్ చేయించండి. ప్లగ్గు మూగబోయి యంత్రం నడుస్తూ ఉంటే కరెంటు పోయినట్టు.

ఒక్క ప్లగ్గుతో సరిపెట్టకుండా మూడు ఫేజులకూ మూడు పెడితే ఇంకా మంచిది. ఏరియేటర్ మోటార్లు త్రీ ఫేజువి, షెడ్డులో బల్బులూ ఇన్వర్టరూ ఒక ఫేజు మీద ఉంటాయి. వేరే ఫేజు పోతే షెడ్డులో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, మోటార్లు మాత్రం రెండు ఫేజుల మీద మూలుగుతూ కాలిపోతాయి. అయితే నడుస్తున్న మోటారు పోయిన ఫేజులోకి కొంత వోల్టేజీని తిరిగి పంపగలదు. అందువల్ల ఆ ప్లగ్గు కాసేపు బతికే ఉండవచ్చు. కాబట్టి ఈ ప్లగ్గులు చిట్టా కోసమే. మోటార్లను కాపాడేది స్టార్టర్లోని సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, అది పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ప్లగ్గులను బోర్డుకు కలిపే పనీ ఆయనకే వదిలేయండి. ఉప్పుగాలి తగిలే తడి నేల మీద మీరు చేయి పెట్టవలసిన పని కాదది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఈ చిట్టా జరిగిపోయినదాన్ని రాస్తుంది, నిద్రలో ఉన్నవాళ్లను లేపదు. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి, 3కు దిగితే గుంట ప్రమాదంలో ఉన్నట్టే. దట్టంగా వేసిన గుంటలో ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వేయడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ. అలారం కోసం షెడ్డు బయట ఇంకో చోటు కావాలి. మీ ఇంట్లో ఎప్పుడూ నడిచే పాత కంప్యూటర్‌కు రాస్ప్‌బెర్రీ పై ఐదు నిమిషాలకు ఒకసారి ‘ఉన్నాను’ అని కబురు పంపాలి. రెండు కబుర్లు వరుసగా రాకపోతే ఆ కంప్యూటర్ ఫోను మోగించాలి. షెడ్డులో ఇంటర్నెట్ మాత్రమే పోయినా ఫోను మోగుతుంది. మోగనివ్వండి, అర్ధరాత్రి అనవసరంగా ఒకసారి లేచినా నష్టం లేదు. కాపలా మనిషి చేతి మీటరుతో గుంట చుట్టూ తిరిగి చూడటం మాత్రం ఏ స్క్రిప్టు వచ్చినా మాన్పించవద్దు.

నెలాఖరుకు లెక్క వేసేటప్పుడు శాతం ఒక్కటే చూసి సంతోషపడకండి. ముప్పై రోజుల నెలలో 43,200 నిమిషాలు. 99 శాతం నడిచిందంటే 432 నిమిషాలు, అంటే 7 గంటల 12 నిమిషాలు ఆగిందని. ఆ ఏడు గంటలూ మధ్యాహ్నాల్లో చెదురుమదురుగా పోతే గుంటకు పెద్దగా తెలియదు. రెండు తెల్లవారుజాములలో పోతే పంటే పోవచ్చు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు జరిగిన అంతరాయాలను విడిగా కూడండి. అన్నిటికంటే పొడవైన అంతరాయం ఎంతో కూడా రాయండి. మామయ్యకు చూపించవలసినవి ఆ రెండు అంకెలే. తుపాను రోజులను చిట్టాలోంచి తీసేయకండి, నెల మొత్తాన్ని వాటితో కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి వేయండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి లాంటి రోజు ఒక్కటి కలిస్తే, ఆ నెలలో మిగతా అంతరాయాలు ఎన్ని ఉన్నాయో కంటికి ఆనవు.

చివరిగా గడిచిన నెలల సంగతి. దారి ఉంది, పైగా మీ దగ్గరే ఉంది. రీడింగుల ఫైలులో పదిహేను నిమిషాలకు మించిన ప్రతి ఖాళీని తీయించండి, మొదలు ఎప్పుడు, చివర ఎప్పుడు అని. యంత్రం ఎప్పుడెప్పుడు లేచిందో ‘లాస్ట్’ ఆజ్ఞతోనో, సిస్టమ్‌డీ రాసుకునే జర్నల్‌లోని ‘బూట్’ జాబితాతోనో తీయండి. చాలా పాతవి చెరిగిపోయి ఉండవచ్చు. జర్నల్‌ను జ్ఞాపకంలోనే ఉంచే అమరిక ఉంటే ఆ జాబితాలో ఇప్పటి బూట్ ఒక్కటే కనిపిస్తుంది, దాన్ని కార్డు మీద దాచేలా ఈరోజే మార్చండి. తర్వాత రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టండి. ఖాళీ మొదట్లోనే యంత్రం లేచి ఉంటే నేను పైన చెప్పిన రెప్పపాటు కథే. ఖాళీ చివర లేచి ఉంటే ఆ సమయమంతా యంత్రానికే కరెంటు అందలేదు. ఖాళీ ఉండి యంత్రం అసలు ఆగకపోతే తప్పు ప్రోగ్రామ్‌దో సెన్సర్‌దో. గడియారం సంగతి గుర్తుంచుకోండి, ఖాళీ చివర లేచిన యంత్రం కూడా ఖాళీ మొదట్లోనే లేచినట్టు కనిపించవచ్చు. మీరు మళ్లీ మొదలుపెట్టిన సమయాన్ని కాపలా మనిషి చేసిన ఫోను కాల్స్ జాబితాతో సరిచూసుకోవచ్చు. కెర్నెల్ సందేశాల్లో ‘అండర్ వోల్టేజ్’ అన్న మాట కోసం కూడా వెతకండి. బోర్డుకు అందే వోల్టేజీ తగ్గినప్పుడల్లా రాస్ప్‌బెర్రీ పై ఆ మాట రాస్తుంది. అది తరచుగా కనిపిస్తే ఇన్వర్టర్‌ను అనుమానించే ముందు బోర్డు అడాప్టరూ కేబులూ మార్చి చూడండి.